చప్పుడు లేకుండా దిగిన ముక్కు చక్రం

కాళ్ల దగ్గర ఉద్యోగం

విమానాల్లో ఉద్యోగం చేశానంటే మా ఊరు బోగోలులో చాలామంది నన్ను ఎయిర్ హోస్టెస్ అనుకునేవారు. నా చేతులు చూశాక ఆ అనుమానం వదులుకునేవారు. గోళ్ల సందుల్లో చేరిన ఎర్ర నూనె ఏ సబ్బుకూ పోదు. పెళ్లిళ్లకు వెళ్తే చేతులు చీర కొంగులో దాచుకున్న రోజులున్నాయి.

నేను చేసింది విమానం కాళ్ల పని. విమానం లేచాక చక్రాల కాళ్లు పొట్టలోకి ముడుచుకుంటాయి. దిగే ముందు మళ్లీ బయటికి వస్తాయి. పంపు నూనెను గొట్టాల్లోకి తోస్తుంది, ఆ నూనె ఒత్తిడే కాళ్లను కదిలిస్తుంది. మరి గాలిలో ఉండగా పంపు చెడిపోతే? అందుకని ఇంకో దారి పెడతారు. పైలట్ ఒక హ్యాండిల్ లాగితే ఒత్తిడి వదిలిపోతుంది. కాళ్లు వాటి బరువుకు అవే కిందికి పడి, చివర్లో తాళం పడాలి. తాళం పడితే పైలట్ ఎదురుగా పచ్చ దీపం వెలుగుతుంది. పడకపోతే నేల తగలగానే ఆ కాలు మళ్లీ ముడుచుకుపోతుంది. ఈ రెండో దారి సరిగ్గా ఉందో లేదో చూడడమే నా ఉద్యోగంలో పెద్ద భాగం.

ఈ పనిలోకి రావాలనుకునే పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేస్తారు. ఏ పరీక్షలు రాయాలి, ఎక్కడ చేరాలి అని అడుగుతారు. అవి నా కంటే వాళ్లకే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది వేరే. ఈ పని మనిషిని అలసగొడుతుంది. మోకాళ్లు, నడుము ఎలాగూ పోతాయి. వాటికంటే ఎక్కువగా అలసగొట్టేది పొద్దున లేస్తే ‘ఇది చెడిపోతే ఏమిటి’ అని ఆలోచించడం. రిటైరైనా అది వదలదు. బస్సెక్కితే బ్రేకు మోత వింటాను. చర్చిలో ఫ్యాను కింద కూర్చుంటే దాని బోల్టు వైపు చూస్తాను.

ఇద్దరు పెద్దలు

మద్రాసు హ్యాంగర్లో, అంటే విమానాలు బాగుచేసే షెడ్డులో, నాకు ఇద్దరు పెద్దల కింద పని. మొదటాయన మహా మర్యాదస్తుడు. ఎవరినీ పల్లెత్తు మాట అనేవారు కాదు. మేము ‘చూశాం సార్’ అంటే ‘మంచిదమ్మా’ అని సంతకం పెట్టేవారు. ఆయనంటే అందరికీ ఇష్టం, నాకూ ఇష్టమే. ఆయన దగ్గర నేను ఏమీ నేర్చుకోలేదు.

ఆయన ఉన్న రోజుల్లోనే, మేము చూసే ఒక శిక్షణ విమానానికి గాలిలో పంపు ఆగిపోయింది. లోపల ఒక గురువు, ఒక విద్యార్థి. గురువు హ్యాండిల్ లాగాడు. అది కదల్లేదు. రెండు చేతులతో లాగినా కదల్లేదు. విమానం పొట్ట మీద దిగింది. విద్యార్థికి ఏమీ కాలేదు, గురువుకు వెన్ను దెబ్బతిని తిరిగి విమానం ఎక్కలేకపోయాడు. విప్పి చూస్తే హ్యాండిల్ నుంచి వచ్చే తీగ దాని గొట్టంలోనే తుప్పుపట్టి అతుక్కుపోయి ఉంది. పైకి కనిపించే హ్యాండిల్ మాత్రం ఎర్రరంగుతో నిగనిగలాడుతోంది. అందరూ దాన్ని చూశారు. లాగితే మళ్లీ అంతా సర్దడానికి సగం రోజు పడుతుందని ఎవరూ లాగలేదు.

ఆ తర్వాత వచ్చిన పెద్ద మాణిక్యం గారు. తమిళాయన, నోరు మంచిది కాదు. ఆడది జాకీల మధ్య దూరడమేమిటని నన్ను కొన్ని నెలలు విమానం కింది పనికి దూరంగా ఉంచాడు. ఆ విషయంలో ఆయన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు. కానీ వచ్చిన వారంలోనే హ్యాంగర్లో ఉన్న ప్రతి విమానాన్నీ జాకీల మీదికి ఎత్తించి, మా అందరి చేతా హ్యాండిళ్లు లాగించాడు. ‘చూసినాను సార్’ అని ఎవరన్నా అంటే, ‘చూసినావా, లాగినావా? కన్ను వేరే, చెయ్యి వేరేమ్మా’ అనేవాడు. ఇంకో రెండు విమానాల్లో తీగలు బిగుసుకుపోయి ఉన్నాయి. మంచి మనిషి కింద పని సుఖంగా ఉంటుంది. మీకు ఎంచుకునే వీలుంటే మాణిక్యం లాంటివాడి కింద చేరండి. తిట్టుకుంటూ అయినా చేరండి.

చెరువుల పక్కన విమానం

రిటైరయ్యాక ఇక ఏ విమానం కిందా కూర్చోనని అనుకున్నాను. మా తమ్ముడు రొయ్యల మేత అమ్ముతాడు. ఒకరోజు వాడు వచ్చి, ‘అక్కా, తోటపల్లి గూడూరు దగ్గర మన కస్టమర్ ఒకాయన షెడ్డులో విమానం కట్టినాడు. చక్రం సరిగ్గా దిగలేదంట. నీ పేరు చెప్పినాను’ అన్నాడు. వాణ్ణి కోప్పడ్డాను. అయినా వెళ్లాను.

ఆయన పేరు మోహన్ రెడ్డి. ఓడల్లో ఇంజనీరుగా చాలా ఏళ్లు పనిచేసి వచ్చి రొయ్యల చెరువులు పెట్టుకున్నాడు. సముద్రం మీద ఉన్నన్నాళ్లూ ఎగరాలనే కోరిక ఉండేదట. విడిభాగాల కిట్ తెప్పించుకుని, భార్య విజయతో కలిసి విమానం కట్టాడు. ఫైబర్ పొరలు అతికించీ, గీకీ విజయ మోచేతుల దాకా దద్దుర్లు. ఆ మచ్చలు ఇంకా ఉన్నాయి. చెరువుల అవతల చవుడు నేలను చదును చేసి రన్‌వే వేసుకున్నారు. అనుమతులు ఎలా తెచ్చుకున్నారో నేను రాయను, అది కాగితాల గోల.

విమానం చూసి నేను నిజంగా ఆశ్చర్యపోయాను. పని శుభ్రంగా ఉంది. గొట్టాల మలుపులు చూస్తేనే తెలిసింది, కట్టినవాడు తొందరపడే మనిషి కాడని.

దాన్ని నడిపి చూడడానికి మద్రాసు నుంచి కెప్టెన్ రఘునాథ్ అనే పెద్దాయన వచ్చేవారు. డెబ్భైకి దగ్గరపడ్డ పైలట్, తక్కువ మాటల మనిషి. ఆయన ఒక్కరే ఎక్కి నడిపేవారు. మొదట చక్రాలు ముడవకుండా ఎగిరారు, అంతా బాగుంది. తర్వాత ముడిచి ఎగిరారు, అదీ బాగుంది. ఆ తర్వాత పైనుండగానే, పంపు బాగున్నా సరే, పరీక్ష కోసం అత్యవసర హ్యాండిల్ లాగారు. వెనక కాళ్ల దీపాలు వెలిగాయి. ముందుండే ముక్కు కాలి దీపం వెలగలేదు. ఆయన హ్యాండిల్ మూసి, పంపుతోనే కాలు దించుకుని క్షేమంగా దిగారు.

‘దీపం స్విచ్చి తప్పక్కా’ అన్నాడు మోహన్ రెడ్డి. ‘షెడ్డులో ఎన్నిసార్లు లాగినా దిగుతుండాది, తాళం పడుతుండాది. స్విచ్చి మార్చేసినాను గూడా.’

జాకీల మీద ఎత్తి లాగి చూశాం. నిజమే. ప్రతిసారీ ముక్కు కాలు మెల్లగా కిందికి వచ్చి తాళం పడింది. దీపం వెలిగింది.

బాగు చేసిందేమిటి

లోపం వెతికేటప్పుడు ‘ఏమైనా మార్చారా’ అని అడగకండి. లేదనే చెబుతారు. అది అబద్ధం కాదు, వాళ్ల మనసులో నిజంగానే లేదు. చెడగొట్టినదాన్నే మనుషులు మార్పు అనుకుంటారు. అందుకని నేను ఇంకోలా అడిగాను.

‘మోహన్ గారూ, కిట్లో ఉన్నదానికంటే మీరు బాగు చేసిందేమన్నా ఉందా?’

ఆయన ముఖం వెలిగింది. ముక్కు దగ్గర మూత తీసి, గొట్టం మధ్యలో తను పెట్టిన చిన్న ఇత్తడి బిళ్ల చూపించాడు. దాని నడుమ సన్నటి రంధ్రం.

‘ముందు ఈ కాలు పడితే దబ్బుమని షెడ్డంతా అదిరేదక్కా. అట్ట కొడతా ఉంటే ఫైబర్ పగిలిపోతుందని, నూనె నెమ్మదిగా పొయ్యేటట్టు చేసినాను. ఇప్పుడు చూడండి, ఎంత నింపాదిగా దిగుతుండాదో.’

‘పిల్లి దిగినట్టు దిగుతుంది’ అంది విజయ. ఆమెకూ అది ఇష్టమే. ఆ చప్పుడుకు ఒకసారి ఆమె నిచ్చెన మీంచి జారిందట.

నేను కాసేపు కాలు వైపే చూస్తూ కూర్చున్నాను. ఆ విమానంలో ముక్కు కాలు వెనక్కి ముడుచుకుంటుంది. అంటే దిగేటప్పుడు ఎదురుగాలికి అడ్డంగా ముందుకు రావాలి. షెడ్డులో గాలి లేదు.

‘రొయ్యలు తూచే కాటా ఉందా?’ అని అడిగాను.

వేలాడదీసి తూచే కాటా తెచ్చారు. దాని కొక్కేన్ని తాడుతో ముక్కు కాలికి కట్టి, విజయను వెనక నిలబెట్టి, పైన గాలి ఎంత తోస్తుందో అంచనా వేసి కాటాలో అన్ని కిలోలు చూపేలా లాగి పట్టుకోమన్నాను. మోహన్ రెడ్డి హ్యాండిల్ లాగాడు. కాలు మెల్లగా వచ్చింది. ఇంకా మెల్లగా వచ్చింది. తాళానికి బెత్తెడు దూరంలో ఆగిపోయింది. విజయ తాడు వదలగానే ముందుకెళ్లి తాళం పడింది.

మోహన్ రెడ్డికి వివరించాల్సిన పని లేదు, ఆయన ఇంజనీరు. దబ్బుమని పడే ఆ ఊపే గాలిని తోసుకెళ్లి తాళం వేసేది. ఊపు తీసేస్తే కాలు దారిలోనే నిలబడుతుంది. పంపుతో దిగేటప్పుడు ఆ తేడా తెలియదు, పంపుకు కావలసినంత బలం ఉంది.

ఆయన అప్పటికప్పుడే బిళ్ల తీసేశాడు.

వద్దన్నాను

బిళ్ల తీశాక మళ్లీ కాటా కట్టి చూశాం. కాలు దబ్బుమని పడింది, తాళం పడింది. ఇంకోసారి పడింది. ఆ తర్వాత ఒకసారి పడలేదు. మళ్లీ పడింది.

ఒకసారి పడలేదంటే ఇంకో లోపం ఉన్నట్టే. కాలును ముందుకు తోయడానికి ఒక గ్యాస్ కడ్డీ ఉంటుంది. కారు డిక్కీ మూతను పైకెత్తి పట్టేది, అలాంటిదే. విప్పించి అరచేత్తో నొక్కితే సులువుగా లోపలికి పోయింది. రేకుల షెడ్డు వేడికీ ఉప్పు గాలికీ ఏళ్ల తరబడి పడి ఉండి దాని బలం చచ్చిపోయింది.

‘ఇది కొత్తది రావాల. అందాకా చక్రాలు ముడవద్దు’ అన్నాను.

‘కొత్తది బయట దేశం నుంచి రావాలక్కా. ఎన్ని నెలలో తెలీదు.’

‘రానీండి.’

‘కెప్టెన్ గారికి మళ్లీ వైద్య పరీక్ష దగ్గరకొచ్చింది. ఆ వయసులో ఫెయిలైతే ఆయన్ని ఎగరనియ్యరు, మళ్లీ ఎవురొస్తారు ఈ పల్లెటూరికి? బిళ్ల తీసేసినాం గదా, ముందు కంటే మేలే గదా?’

ముందు కంటే మేలే. ఆ మాటతో నా ఉద్యోగమంతా పోట్లాడాను. అది నిజమే, అందుకే దానితో పోట్లాడడం కష్టం.

‘మోహన్ గారూ, విమానం మీది. నేను మాత్రం సరే అనను. ఈ సంగతి కెప్టెన్ గారికి చెప్పండి. కడ్డీ బలం పోయిందనీ, ఒకసారి తాళం పడలేదనీ, నేను వద్దన్నాననీ.’

‘చెప్తానక్కా’ అన్నాడు. కళ్లు కడ్డీ మీదే ఉన్నాయి.

ఆదివారం

ఒక ఆదివారం చర్చిలో ప్రసంగం నడుస్తుండగా ఫోన్ అదిరింది. విజయ. సాధారణంగా అక్కడ ఫోన్ తీయను. ఆ రోజు తీశాను, ఎందుకో చెప్పలేను. బయటికొచ్చి, ఆరాధనకు వచ్చినవాళ్లు వరసగా పెట్టిన మోటార్ సైకిళ్ల మధ్య నిలబడ్డాను.

‘అక్కా, కెప్టెన్ గారు పైన ఉండారు. చక్రాలు ముడిచినాక పంపు మోటారు తిరగడం లేదంట.’

‘హ్యాండిల్ లాగినాడా?’

‘లాగినారు. వెనక రెండూ పచ్చగా ఉండాయంట. ముందుది లేదు.’

‘మోహన్ గారు యాడ?’

‘రేడియో పట్టుకుని ఉండాడు. మాట రావడం లేదక్కా ఆయనకి. రేడియో నేనే తీసుకుంటాను, మీరు చెప్పండి.’

నాకూ భయమేసింది. కానీ ఇన్నేళ్ల అలవాటు ఒకటి పనికొచ్చింది. భయపడుతూనే మెల్లగా మాట్లాడగలను.

‘వేగం తగ్గించమను. ఎంత తగ్గించగలడో అంత. గాలే దాన్ని పట్టుకుని ఉండాది.’

ఆమె రేడియోలో చెప్పడం వినిపించింది. జవాబు గరగరలాడింది.

‘అదే చేస్తుండారంట. ఇంకా వెలగలేదు.’

చర్చి లోపల పాట మొదలైంది. ఒక చెవి మూసుకున్నాను.

‘సరే. పెట్రోలు చాలినంత ఉందా అడుగు.’

‘ఉందంట.’

‘అయితే విమానాన్ని ఇంకా ఎత్తుకి ఎక్కించి, కొంచెం కిందికి వదిలి, ఒక్కసారి పైకి లాగమను. అట్ట లాగితే విమానంలో ప్రతిదీ బరువెక్కుతాది. ఆ కాలు గూడా. మీ విమానం ఎంత తట్టుకుంటుందో మోహన్ గారికే తెలుసు, ఆయన్నే చెప్పమను.’

తర్వాత మోహన్ రెడ్డి గొంతు వినిపించింది. ఎంత వేగంలో లాగవచ్చో, ఎంత మించకూడదో, కట్టినవాడు తప్ప ఇంకెవరూ చెప్పలేనంత తేటగా చెప్పాడు. నేను ఒక మోటార్ సైకిల్ సీటు మీద చెయ్యి ఆనించుకున్నాను. ఎండకు అది కాలిపోతోంది. చెయ్యి తీయాలని తోచలేదు.

‘వెలగలేదు’ అంది విజయ. కొంతసేపటికి, ‘మళ్లీ లాగుతుండారు’ అంది.

ఆ తర్వాత ఆమె ఏడుపు వినిపించింది. ఎందుకు ఏడుస్తోందో అర్థం కాక అరిచాను.

‘పచ్చగా వెలిగిందక్కా, వెలిగింది!’

చెప్పని మాట

తమ్ముడి కారులో అక్కడికి వెళ్లేసరికి విమానం రన్‌వే చివర నిలబడి ఉంది. మూడు కాళ్ల మీదా నిలబడి ఉంది. కెప్టెన్ గారు టార్పాలిన్ నీడలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

మోహన్ రెడ్డి వచ్చి ఆయన ముందు నిలబడ్డాడు. నేను అడగకముందే చెప్పేశాడు.

‘సార్, ఆ కడ్డీ బలం పోయిందని అక్క చెప్పింది. ముడవద్దనింది. మీకు చెప్పమనింది. నేను చెప్పలేదు.’

కెప్టెన్ గారు తలెత్తి చూశారు. తిడతారేమో అనుకున్నాను. తిట్టినా బాగుండేది.

‘చెప్పినా ఎక్కేవాణ్ణేమో’ అన్నారు. ‘కానీ ఎక్కాలో వద్దో నేను అనుకోవాల్సింది, మోహన్. నా బదులు నువ్వు అనుకున్నావు.’

లేచి తన సంచీ తీసుకున్నారు. విజయ భోజనం చేసి వెళ్లమంది. ఆయన ఆమెకు నమస్కారం పెట్టి, స్టేషన్ దాకా దించమని మా తమ్ముణ్ణి అడిగారు.

చాలామంది అడుగుతారు, నా మాటే నిజమైనందుకు తృప్తిగా లేదా అని. లేదు. ఈ పనిలో మన మాట నిజం కావడమంటే ఎవరో ఒకరు గాలిలో వేలాడడం. నా మాట అబద్ధమై, నేను నవ్వులపాలైతే అదే మేలు. కొత్తగా వచ్చేవాళ్లు ఈ ఒక్క సంగతి ముందే తెలుసుకుంటే ఉద్యోగంలో కొంత నలుగుడు తప్పుతుంది.

తర్వాత

కొత్త కడ్డీ వచ్చింది. అది వచ్చాక కూడా విమానం చాలా రోజులు కదల్లేదు. పంపు మోటారు తీగల్లో ఉప్పు చేరి కాలిపోయిన భాగాన్ని మోహన్ రెడ్డి మార్చాడు. కెప్టెన్ గారికి రెండుసార్లు ఫోన్ చేశాడట, ఆయన ఎత్తలేదు. మూడోసారి చేయలేదు. చేసే హక్కు తనకు లేదన్నాడు.

చివరికి కెప్టెన్ గారు తనంతట తనే వచ్చారు. వైద్య పరీక్ష పాసయ్యానని మాత్రం చెప్పారు. నన్ను పిలిపించి, కాలికి కాటా కట్టి పరీక్ష ఎలా చేశామో చూపించమన్నారు. చూపించాను. ఆయన తెల్ల చొక్కాతోనే నేల మీద కూర్చుని, తాడు తన చేతికి చుట్టుకుని, మేము లాగినదానికంటే ఎక్కువ బలంతో లాగి పట్టారు. తాళం పడింది. ‘ఇంకోసారి’ అన్నారు. ఇంకోసారి పడింది. విసుగొచ్చేదాకా చేయించారు. మోహన్ రెడ్డి హ్యాండిల్ లాగుతూనే ఉన్నాడు. ఆ తర్వాత కెప్టెన్ గారు దుమ్ము దులుపుకుని విమానం ఎక్కారు. పైన హ్యాండిల్ లాగి, మూడు దీపాలూ వెలిగాయని రేడియోలో చెప్పి, మామూలుగా దిగారు. చప్పట్లు కొట్టడానికి అక్కడ ఎవరికీ ఓపిక లేదు.

నేను బయల్దేరే ముందు మోహన్ రెడ్డి కారు దాకా వచ్చాడు.

‘ఇన్నేళ్లు కట్టినాను గదక్కా, ఎన్నడూ భయపడింది లేదు. ఇప్పుడు దాని కింద కూర్చుని ఏ బోల్టు తిప్పినా భయమేస్తుండాది. ఈ భయం పోతాదా?’

‘పోదు’ అన్నాను.

ఆ మాట నేను విచారంగా అనలేదు. నా తర్వాత ఆ విమానాన్ని చూసుకోవడానికి ఒక మనిషి దొరికాడనిపించింది. ఇంటికొచ్చి స్నానం చేసి, మధ్యాహ్నం పూట, ఎన్నాళ్లకో, కలలేమీ లేకుండా నిద్రపోయాను.